ఇంట్లోనే అమెరికా చరిత్ర: అపోహలు – వాస్తవాలు

కొవ్వూరులో అమెరికా నుంచి ఫోన్ రాని వీధి అరుదు. ఈమధ్య ఆ ఫోన్లలో ఒక కొత్త మాట వినిపిస్తోంది: "అమ్మా, చిన్నాణ్ని బడి మాన్పించాం. ఇంట్లోనే చదివిస్తున్నాం." ఇవతల తాతయ్యకి గుండె గుభేలుమంటుంది. అవతల కూతురి బెంగ వేరు. లెక్కలూ సైన్సూ ఎలాగో నెట్టుకొస్తుంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లాడికి అమెరికా చరిత్ర చెప్పడమెలా? తను చిన్నప్పుడు చదివింది అశోకుణ్ని, అక్బరుని, కాకతీయులని. ఏ పుస్తకం తీసుకోవాలో తెలియదు. ఆ ఎంపిక చుట్టూ అల్లుకున్న అపోహల చిక్కు విప్పుదాం.

అపోహ: పిల్లాణ్ని బడి మాన్పిస్తే చట్టం ఊరుకోదు.

వాస్తవం: హోమ్‌స్కూలింగ్ అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. నియమాలు మాత్రం రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో నియమాలు చాలా తక్కువ. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలతో పాటు మంచి పౌరసత్వం గురించి చెప్పాలంటారు. న్యూయార్క్‌లో ఏటా చదువు ప్రణాళిక రాసివ్వాలి, ఏడాదికి నాలుగుసార్లు నివేదిక పంపాలి. ఎనిమిదో తరగతి దాటేలోగా అమెరికా చరిత్ర, న్యూయార్క్ రాష్ట్ర చరిత్ర, రెండు రాజ్యాంగాలూ ఒకసారైనా చెప్పి తీరాలి. పెన్సిల్వేనియాలోనూ దేశ చరిత్రతో పాటు ఆ రాష్ట్ర చరిత్ర తప్పదు. అందుకే ముందు చూడాల్సింది మీరున్న రాష్ట్ర చట్టం. పుస్తకాల జాబితా ఆ తర్వాత.

అపోహ: మన సోషల్ పుస్తకంలా అక్కడా సర్కారు పుస్తకం ఒకటి ఉంటుంది. లేదంటే బాగా ఖరీదైనది కొంటే సరి.

వాస్తవం: అమెరికాలో దేశమంతటికీ ఒకే చరిత్ర పుస్తకమంటూ లేదు. హోమ్‌స్కూల్ కుటుంబాలకు రాసే ప్రచురణకర్తలు ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరు క్రైస్తవ విశ్వాసం నుంచి రాస్తారు, కొందరు మతం ఊసెత్తకుండా రాస్తారు. జాయ్ హకీమ్ పది భాగాలుగా రాసిన 'ఎ హిస్టరీ ఆఫ్ అస్' కథలా చదివిస్తుంది. హొవార్డ్ జిన్ 1980లో కూలీలు, బానిసలు, మూలవాసుల వైపు నిలబడి రాసిన చరిత్రకు 2007లో పిల్లల ప్రతి వచ్చింది. కోర్ నాలెడ్జ్ సంస్థ చరిత్ర పుస్తకాలకు పైసా ఖర్చు లేదు, డౌన్‌లోడ్ చేసుకోవడమే. ధరకీ నాణ్యతకీ ముడిపెట్టకండి.

కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. అట్ట, బొమ్మలు పక్కన పెట్టి బానిసత్వం పాఠం తెరవండి. 1830 నాటి చట్టంతో చెరొకీ మూలవాసులను సొంత నేల నుంచి వెళ్లగొట్టిన పాఠం తెరవండి. బాధపడినవాళ్ల మాట అందులో వినిపిస్తోందా? రచయిత తనకు ఆ సంగతి ఎలా తెలిసిందో చెబుతున్నాడా? ఏ పుస్తకమూ అన్ని వైపుల నుంచీ చూడలేదు. అందుకే ఒకటి పట్టుకుని చదివిస్తూ, ముఖ్యమైన ఘట్టాల దగ్గర రెండోదాన్ని దాని పక్కనే ఉంచి చూపించాలి.

అపోహ: ఇలాంటి పుస్తకాలను 'ఇండిపెండెంట్' అంటారు కాబట్టి, పిల్లాడి చేతికి పుస్తకమిచ్చి మన పని మనం చూసుకోవచ్చు.

వాస్తవం: ఆ వయసు పిల్లలు తమంతట తాము చదవగలరు. చదివినదాన్ని ఒంటరిగా తూచలేరు. బడిబోర్డుతో సంబంధం లేని పుస్తకాన్ని ఇండిపెండెంట్ అనడం సబబే. పెద్దల తోడు అక్కర్లేదని మాత్రం దానర్థం కాదు. ఉద్యోగం చేసే తల్లి రోజూ గంటసేపు పాఠం చెప్పనక్కర్లేదు. అన్నం తినేటప్పుడు రెండు ప్రశ్నలు అడిగితే చాలు: "ఈ మాట ఎవరన్నారు? వాళ్లకెలా తెలుసు?"

అపోహ: తేదీలు కంఠతా వస్తే చరిత్ర వచ్చినట్టే.

వాస్తవం: తేదీ తలుపు మాత్రమే, లోపలికి వెళ్లాలి. స్వాతంత్ర్యం కోసం ఓటు వేసింది 1776 జులై 2న. ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. 1863 జనవరి 1న బానిసల విముక్తికి లింకన్ చేసిన ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, 13వ రాజ్యాంగ సవరణతో. ఈ తేడాలు పిల్లాడు తనే పట్టుకోవాలంటే అసలు పత్రాలు చదవాలి. అమెరికా జాతీయ ఆర్కైవ్స్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని ఉచితంగా చూపిస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన 'రీడింగ్ లైక్ ఎ హిస్టోరియన్' పాఠాలు వాటిని చదివే పద్ధతి నేర్పుతాయి.

అపోహ: ఆ చరిత్రలో మనకేం ఉంది? అది పరాయివాళ్ల కథ.

వాస్తవం: పిల్లల చేత చరిత్ర పుస్తకం మూయించేసేది ఈ అపోహే. 1773లో బోస్టన్ రేవులో అమెరికన్ నిరసనకారులు 342 పెట్టెల తేయాకు సముద్రంలో పారబోశారు. ఆ ఆకు చైనాది, సరుకు మాత్రం ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ అంతకు ఏడేళ్ల ముందు, 1766లో నిజాముతో ఒప్పందం చేసుకుని మన రాజమండ్రి సీమ మీద హక్కు సంపాదించింది. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన కారన్‌వాలిసే తర్వాత ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆయన బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి రాజమండ్రి సీమ ఉన్న ఉత్తర సర్కారుల్లోకీ వచ్చింది. 1861లో అమెరికా అంతర్యుద్ధంతో ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోతే, కాకినాడ రేవులో పత్తి ఎగుమతి ఊపందుకుంది.

ఇక మనిషి కథ కావాలంటే భీమవరంలో పుట్టిన వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. 1922లో బోస్టన్ చేరారు. మరుసటి ఏడే అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే 'తెల్లవారు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది 1946లో. కొత్తగా వలస వచ్చే భారతీయులకు మాత్రం ఏడాదికి వంద మందే పరిమితి. అమెరికాకు అన్ని మందులిచ్చిన సుబ్బారావు ఆ దేశ పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. మీరు ఎంచుకున్న పుస్తకంలో 1923 తీర్పు, 1946, 1965 వలస చట్టాల సంగతి లేకపోతే ఆ పేజీ మీరే కలపండి. తన అమ్మానాన్నలు ఆ దేశానికి ఎలా రాగలిగారో పిల్లాడికి తెలియాలి కదా!

అపోహ: కొవ్వూరులో ఉన్న తాతయ్య, అమ్మమ్మ ఇందులో చెయ్యగలిగిందేమీ లేదు.

వాస్తవం: వాళ్లు చెయ్యగలిగింది ఏ పుస్తకమూ చెయ్యలేదు. 1986 ఆగస్టు వరదలో గోదావరి ఎంతవరకు వచ్చిందో వీడియో కాల్‌లో మనవణ్ని అడగనివ్వండి. తాతయ్య ఒకటి చెబుతారు, అమ్మమ్మ "కాదండీ, నీళ్లు అరుగు దాకానే వచ్చాయి" అంటుంది. పిల్లాడు ఇద్దరి మాటా రాసుకుని, ఆనాటి పేపరులో ఏముందో వెతకాలి. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో, ఎందుకు అలా గుర్తుందో అడగాలి. సాక్షి, పత్రం, పోలిక: చరిత్రకారుడి పని మూడొంతులు అదే. ఆ పని గోదావరి గట్టు మీద నేర్చుకున్న పిల్లాడు బోస్టన్ రేవు దగ్గర తడబడడు. 2027 పుష్కరాలకి గోష్పాద రేవులో స్నానానికి వచ్చినప్పుడు, నీళ్లొచ్చిన మెట్టు చూపించమని తాతయ్యను అడిగి చూసుకుంటాడు.