అడ్డపొగ

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల సముద్రతీర గ్రామములలో ఒక వింత అలవాటు తరతరములుగా వచ్చుచున్నది. చుట్ట త్రాగువారు సాధారణముగా నిప్పు గల కొనను వెలుపల నుంచుదురు. ఈ గ్రామములలో పలువురు, ముఖ్యముగా స్త్రీలు, ఆ కొననే నోటిలో నుంచుకొని పొగ పీల్చుదురు. దీనినే అడ్డపొగ యందురు.

ఇందులకు కారణములు లేకపోలేదు. తీరపు గాలికి చుట్ట ఆరిపోదు, నుసి రాలదు, రెండు చేతులతో పని చేసికొనుచునే త్రాగవచ్చును. తల్లిని చూచి కూతురు, అత్తను చూచి కోడలు నేర్చుకొందురు. పదిమందియు చేయు పని గనుక తప్పుగా తోచదు.

అయితే నిప్పు వేడిమియు, పొగలోని విషపదార్థములును నేరుగా అంగిలిని తాకును. మొదట అంగిలి తెల్లబారును. పిమ్మట దానిపై ఎఱ్ఱని మచ్చలు పొడచూపును. నొప్పి యుండదు గనుక వానిని లక్ష్యపెట్టరు. కొన్ని యేండ్లకు కొందఱికి అచ్చటనే పుట్టకురుపు, అనగా క్యాన్సరు, బయలుదేరును. ఇతర ప్రాంతములలో గట్టి అంగిలికి ఈ వ్యాధి వచ్చుట అరుదు. బొంబాయిలోని డాక్టరు ఖానోల్కరు 1945లోనే ఈ సంబంధమును గూర్చి వ్రాసెను.

కారణము తెలిసినచో నివారణ సాధ్యమా? దీనిని పరీక్షింప శాస్త్రజ్ఞులు శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడువారిని ఏటేట కలిసికొని, నోరు పరీక్షించి, హితవు చెప్పిరి. 1986లో ఫలితములు వెల్లడియయ్యెను. శ్రీకాకుళములో హితబోధ వినినవారిలో అంగిలి మచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గెను. మందు కాదు, మంచిమాటయే ఆ మేలు చేసెను.

కడప జిల్లాలోని కొండాపురమునకు సముద్రము దూరము. పొగాకు మాత్రము దూరము కాదు. బీడీ, సిగరెట్టు, తాంబూలములోని పొగాకు, గుట్కా — రూపము వేరైనను హాని యొక్కటియే. నోటికే కాక గొంతునకు, ఊపిరితిత్తులకును పొగ ముప్పు తెచ్చును. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు నూఱు గజముల లోపల అసలే అమ్మరాదనియు 2003 నాటి చట్టము శాసించుచున్నది.

చట్టము అంగడిని కట్టడి చేయగలదు. ఇంటిలోని అలవాటును ఇంటివారే మాన్పవలెను. నోటిలో మానని పుండుగాని, మచ్చగాని కనిపించినచో పెద్దలను వెంటనే వైద్యుని కడకు పొమ్మని పిల్లలు వినయముతో వేడవలెను. తాము ఆ అలవాటును దరిచేరనీయరాదు. తల్లి నుండి కూతురికి వచ్చిన అలవాటు ఒక్క తరము మానినచో అచ్చటితో ఆగిపోవును.