వంటింటి చిన్న బొద్దింక: గుర్తింపు, జీవనం, నివారణ

గోకుందలోని అద్దె ఇళ్లలో నివసించే తెలుగు కుటుంబాలకు, రాత్రివేళ వంటగదిలో దీపం వేయగానే చెదిరిపోయే బొద్దింకలు కొత్త కావు. మరాఠీలో వీటిని ‘ఝురళ్’ అంటారు. మందుల దుకాణంలో ఈ మాట చెబితే చాలును. అయితే బొద్దింకలన్నీ ఒకే జాతివి కావు. జాతి తెలియకుండా మందు చల్లితే ధనవ్యయమే గాని ఫలితం ఉండదు.

గుర్తించే విధానం

మురుగుకాలువల నుండి, మరుగుదొడ్ల నుండి వచ్చే పెద్ద బొద్దింక ఎర్రని గోధుమ వర్ణంలో, సుమారు 4 సెంటీమీటర్ల పొడవుంటుంది. దీనిని అమెరికన్ బొద్దింక అంటారు. వంటింట్లో కాపురముండేది వేరొకటి. అది 12 నుండి 15 మిల్లీమీటర్లకు మించదు. లేత గోధుమ రంగులో ఉండి, తల వెనుకనున్న పలకపై రెండు నల్లని నిలువు చారలు కలిగి ఉంటుంది. ఈ చారలే దాని ఆనవాలు. దీని పేరు జర్మన్ బొద్దింక. రెక్కలున్నా ఇది ఎగరలేదు. పిల్ల పురుగులకు రెక్కలుండవు. అవి ముదురు రంగులో, వీపుపై లేత చారతో కనిపిస్తాయి.

పేరు ఒకచోట, పుట్టుక ఒకచోట

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1767లో దీనికి జర్మనీ పేరు పెట్టాడు. రష్యన్లు దీనిని ‘ప్రష్యా పురుగు’ అన్నారు. ఎవరికి వారు పొరుగువారి పేరు తగిలించిన ఈ పురుగు పుట్టుక 2024లో తేలింది. 17 దేశాల నుండి సేకరించిన 281 బొద్దింకల జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఇది సుమారు 2,100 ఏళ్ల క్రితం భారతదేశంలోనో మయన్మారులోనో ఆసియా బొద్దింక నుండి వేరుపడిందని నిర్ధారించారు. అనంతరం ఇది మనుషుల సామానుతో దేశదేశాలకు ప్రయాణించింది. నేటికీ అట్టపెట్టెలు, గోనెసంచులు, పాత ఫ్రిజ్‌లే దాని వాహనాలు. కనుక వరుస ఇళ్లలో కొత్తగా దిగినవారిని నిందించడం తగదు. గోడ పగుళ్ల గుండా, గొట్టాల వెంట అది ఒక గది నుండి మరొక గదికి పోతుంది.

ఎందుకు తరగదు?

ఆడ పురుగు 30 నుండి 40 గుడ్లున్న సంచిని, పొదిగే సమయం దగ్గరపడేవరకు తన తోకభాగానే మోస్తుంది. చల్లిన మందు ఆ సంచిలోని గుడ్లను సాధారణంగా చంపదు. వెచ్చని వంటగదిలో గుడ్డు రెండు మూడు నెలలలో పెద్ద పురుగవుతుంది. పైగా, తరచుగా వాడే మందులకు అనేకచోట్ల ఇవి అలవాటుపడ్డాయి. తీపి ఎరలను విడిచిపెట్టే బొద్దింకలున్నాయని 1993లోనే శాస్త్రవేత్తలు వెల్లడించారు.

ఆరోగ్యానికి హాని

ఇవి మలినాలపై తిరిగి ఆహారంపై పాకి రోగక్రిములను చేరవేస్తాయి. వీటి విసర్జన, విడిచిన చర్మం ధూళిలో కలిసి, ముఖ్యంగా పిల్లలలో ఉబ్బసాన్ని రేకెత్తిస్తాయి. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు వీడని బిడ్డను వైద్యునికి చూపించి, ఇంట్లో బొద్దింకలున్న సంగతి కూడా తెలుపవలెను.

చేయవలసినవి

రాత్రి పడుకునే ముందు అంట్లు కడిగి, తొట్టి తుడిచి, చెత్తబుట్టకు మూత పెట్టవలెను. తిండి లేకున్నా కొన్ని వారాలు బ్రతకగల ఈ పురుగుకు నీరు అత్యవసరం. కనుక కారే కొళాయిని బాగుచేయించడమే తొలి మందు. సిమెంటుతో పగుళ్లు పూడ్చి, అట్టపెట్టెలను తొలగించవలెను. జెల్ ఎరను గ్యాస్ పొయ్యి వెనుక, తలుపు మడతబందుల వద్ద, ఫ్రిజ్ మోటారు సమీపాన చిన్న చుక్కలుగా పెట్టవలెను. ఎర ఉన్నచోట స్ప్రే కొట్టరాదు. ఆ వాసనకు పురుగు ఎరను తాకదు. గుడ్లనుండి వచ్చిన పిల్లలకోసం మూడు నాలుగు వారాల తరువాత మరల ఎర పెట్టవలెను. వరుసలోని ఇళ్లవారందరూ ఒకే వారంలో ఈ పని చేస్తేనే ఫలితం నిలుస్తుంది.

చేయకూడనిది

పత్తిచేనికి తెచ్చిన పురుగుమందును ఇంట్లో ఎన్నడూ చల్లరాదు. పెన్‌గంగ ఆవలి యవత్‌మాళ్ జిల్లాలో 2017లో ఆరుబయట చేలలో పిచికారీ చేస్తూనే విషం సోకి 20 మందికి పైగా మరణించారు. గాలి ఆడని గదిలో, పసిపిల్లలు పాకే నేలపై ఆ విషం మరింత ప్రమాదకరం. ఎవరికైనా మందు సోకితే వెంటనే 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లవలెను. బొద్దింక పోవడానికి కొన్ని వారాలు పట్టినా పరవాలేదు. ఇంట్లోవారి ప్రాణానికి ముప్పు రాకూడదు.