పుంజు తోక ఎందుకు రాలుతుంది?

రాయ్‌పూర్‌కు తూర్పున ఉన్న బార్నవాపారా అభయారణ్యంలో ఎర్ర అడవికోళ్లు తిరుగుతుంటాయి. మన పెరటి కోళ్లకు ఇవే మూలపురుషులు. జతకట్టే కాలం ముగిశాక, వానలు పడే రోజుల్లో ఈ పుంజు వేషం మారిపోతుంది. మెడ మీది బంగారు రంగు ఈకలు రాలి నల్లని పొట్టి ఈకలు వస్తాయి. కొడవలిలా వంగిన పొడవాటి తోక ఈకలు ఊడిపోతాయి. వానలు వెనకబట్టాక మళ్లీ పూర్తి ఈకలు మార్చుకుని పాత రంగుల్లోకి వస్తుంది.

పెంపుడు పుంజుల్లో ఈ మధ్యకాలపు నల్ల వేషం సాధారణంగా కనిపించదు. అందుకే అడవి అంచు ఊళ్ల కోళ్లతో కలిసి అడవికోడి జాతి సంకరమైందా అని తేల్చడానికి శాస్త్రవేత్తలు చూసే గుర్తుల్లో ఇదొకటి. రాలిన ఈక అంత చిన్న విషయమేమీ కాదు.

పెరిగిన ఈక మన గోరులాంటిదే. కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన నిర్జీవ పదార్థం. అరిగితే బాగుపడదు, మార్చుకోవాల్సిందే. పగటి వెలుతురు తగ్గుతుంటే సంతాన హార్మోన్లు తగ్గుతాయి, థైరాయిడ్ హార్మోన్ సాయంతో కుదుళ్లు మేల్కొంటాయి. కింద పుట్టిన కొత్త ఈక పాతదాన్ని పైకి తోసేస్తుంది. రాయ్‌పూర్‌లో జూన్ పగలు దాదాపు 13న్నర గంటలు, డిసెంబరు పగలు 11 గంటల లోపు. కోడికి ఆ తేడా చాలు. రాత్రంతా గూట్లో బల్బు వెలిగితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. రాలడం తలతో మొదలై మెడ, రొమ్ము, వీపు మీదుగా సాగుతుంది, తోక వంతు దాదాపు చివర్లో.

జపాన్‌లోని కోచి ప్రాంతపు ఒనగదోరి పుంజులు ఈ నియమాన్ని తప్పించుకున్నాయి. వాటి తోకలో కొన్ని ఈకలు ఏటా రాలవు, పెరుగుతూనే ఉంటాయి. ఏడాదికి 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే రోజుకు సుమారు రెండు మిల్లీమీటర్లు. పది మీటర్లు దాటిన తోకలూ ఉన్నాయి. ఆ దేశం 1952లో ఈ జాతిని ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించింది. తోక పాడవకుండా పుంజును ఎత్తయిన ఇరుకు పెట్టెలో కూర్చోబెట్టడం అక్కడి పాత పద్ధతి. చూసేవారికి అందమే, పుంజుకు అదొక చెర. ఈ జాతి పెట్టలు మాత్రం మామూలుగానే ఈకలు మార్చుకుంటాయి.

మన చిలకముక్కు పొడుగుతోక కోళ్లకు ఆ వరం లేదు. తోక నేలను తాకేంత ఉన్నా రాలక తప్పదు. వేలకు వేలు పోసి కొన్నవారు అది చూసి జబ్బనుకుని మందులు వాడేస్తుంటారు. కొత్త ఈకలు పొడుచుకొస్తూ, కోడి చురుగ్గా మేస్తుంటే భయం లేదు. బోసిపోయిన చోట కొత్త ఈక రాకపోయినా, చర్మం మీద పేలు కనిపించినా, కోడి ముడుచుకు కూర్చున్నా పశువైద్యుణ్ని కలవాలి. ఈకలో ఎనభై అయిదు శాతానికి పైగా ప్రొటీనే కాబట్టి ఆ వారాల్లో నూకలు, తవుడుతో సరిపెట్టకూడదు. చేపపొడి, వేరుశనగ చెక్క కలిపితే మేలు. పెట్ట గుడ్లు ఆపేసేదీ అప్పుడే. కొత్తగా వచ్చే ఈక గొట్టంలో రక్తం పారుతుంటుంది. అది విరిగితే ధారగా కారుతుంది. అందువల్ల ఆ రోజుల్లో పుంజును పట్టుకోవడం ఎంత తగ్గిస్తే అంత మంచిది, తోక పట్టి లాగడం అసలే వద్దు.