పరాయి దేశంలో మొదటి ఆర్నెల్లు

సూరత్ నగరం నుంచి హజీరాకు వెళ్లే రహదారి మీద ఉన్న ఇచ్ఛాపూర్ పేరు మన సంస్థ ఉద్యోగులకు కొత్తది కాదు. ఒక వంక భాట్‌పోర్‌లోని ఓ.ఎన్.జి.సి. వాయు శుద్ధి కర్మాగారం, మరొక వంక కవాస్‌లోని ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రం. ఈ రెంటికీ చేరువలోనే వజ్రాభరణాల పారిశ్రామిక వాడ. ఈ హజీరా ద్వీపకల్పపు అంచునే సువాలీ తీరం ఉంది. ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో 1615లో మొదట అడుగు పెట్టినది ఆ తీరం మీదనే. ఆంగ్లేయ వర్తకులు 1613 నాటికే సూరత్‌లో తమ స్థావరం నెలకొల్పుకొన్నారు. చిన్న వయసులో వచ్చిన ఆ గుమస్తాలు ఒకే భవనంలో నివసించి, ఒకే బల్ల వద్ద భోజనం చేసేవారని ఆనాటి యాత్రికులు వర్ణించారు. తెలియని దేశంలో నిలదొక్కుకోవాలంటే మొదట ఒక కప్పు, నలుగురితో కలిసి తినే అన్నం కావాలని వారు గ్రహించారన్నమాట.

ఇప్పుడు ప్రయాణం దిశ మారింది. మన ఇళ్లలోని పిల్లలే చదువుల కోసం సముద్రాలు దాటి వెళ్తున్నారు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ ఏడాది చైనాను దాటి మన దేశం మొదటి స్థానంలో నిలిచింది. వారిలో తెలుగువారి పాలు ఎంత పెద్దదో ఏ కాలనీలో విచారించినా తెలుస్తుంది. సీటు సంపాదించడం, వీసా పొందడం గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు. విమానం దిగిన తరువాతి ఆరు నెలలను గురించి చెప్పేవారు మాత్రం తక్కువ. చదువు నిలబడేదీ, తడబడేదీ ఎక్కువగా ఆ ఆరు నెలల్లోనే. అందుచేత ఆ కాలాన్ని గురించి, అందులో ఇంటివారికి ఉన్న పాత్రను గురించి ఈ వ్యాసంలో ముచ్చటించుకొందాం.

మనకు తెలిసిన వలసపాఠం

విశాఖపట్నం నుంచో, రామగుండం నుంచో బదిలీ మీద గుజరాత్ చేరిన కుటుంబాలకు కొత్తచోటులో కుదురుకోవడం ఏమిటో అనుభవమే. మనకంటె ముందే తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సూరత్ మరమగ్గాలను ఆశ్రయించిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవాడికి గది చూపి, మగ్గం చూపి, అప్పు పుట్టే కిరాణా దుకాణం చూపి నిలబెట్టాడు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడపడం వెనుక ఈ వలస చరిత్రే ఉంది.

విదేశీ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి కూడా ఇదే పద్ధతి అక్కరకు వస్తుంది. అక్కడి తెలుగు సీనియర్లు వారం పది రోజులు తమ గదిలో చోటిస్తారు. బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. బియ్యం, కందిపప్పు దొరికే భారతీయ దుకాణానికి తీసుకువెళ్తారు. ఈ సాయాన్ని మొహమాటం లేకుండా స్వీకరించాలి. మరుసటి ఏడాది వచ్చేవారికి తిరిగి అందించాలి. అయితే నాలుగు గోడల మధ్య తెలుగు మాటలతోనే కాలం గడిపితే చదువుకు వెళ్లిన ప్రయోజనం సగం పోతుంది. సీనియర్ల సాయం కొత్త ఊరి గడప దాటించడానికే. ఆ పైన వేరు దేశాల సహపాఠులతోనూ, ఆచార్యులతోనూ పరిచయం పెంచుకోవడం విద్యార్థి స్వయంగా చేయవలసిన పని.

ముందు నడిచిన తెలుగువారు

ఈ దారి కొత్తది కాదు. చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి 1902లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. అక్కడి విద్యార్థుల చర్చావేదికలో మాట్లాడి మాట్లాడి, ఆ యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు. తన గదిలో ముడుచుకొని కూర్చోని విద్యార్థికి దక్కిన గౌరవమది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు ఆయనే దాని మొదటి ఉపాధ్యక్షులు.

బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమం ఆయన మనసును ఆకర్షించింది. 1916 తిరుగుబాటు అనంతరం ఆ దేశం విడిచి వెళ్లవలసిందిగా ఆయనకు ఉత్తర్వు అందింది. తిరిగివచ్చి రైల్వే కార్మికోద్యమంలో పనిచేసి, 1969లో రాష్ట్రపతి పదవిని అలంకరించిన ఆ మహనీయుడు కార్మికలోకానికి సుపరిచితులు.

మరింత కష్టమైన గాథ యల్లాప్రగడ సుబ్బారావుది. భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివిన ఆయన మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోనూ 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయంలో చేరినా, చేతిలో ఉన్న సొమ్ము జీవనానికి చాలలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశారు. పట్టా పొందిన వైద్యుడు అటువంటి పనికి సిగ్గుపడలేదు. తరువాత సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరి, శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయనతో కలిసి 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రం చదివినవారందరికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పరిచితమే. 1930లో డాక్టరేటు లభించింది. కాని ఈ గాథకు మరొక పార్శ్వం ఉంది. ఆయన వెళ్లేనాటికి గర్భవతిగా ఉన్న భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కుమారుణ్ణి తండ్రి చూడలేదు. ఆ బిడ్డ పసితనంలోనే మరణించాడు. 1948లో అమెరికాలోనే కన్నుమూసిన సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాలేదు. విదేశీ విద్యకు ఇంటివారు చెల్లించే మూల్యం డబ్బు ఒక్కటే కాదని ఈ జీవితం మనకు గుర్తు చేస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లినది పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో పని మీద. సూడాన్‌లో లభించిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం ఆయన ఉద్యోగం. దానితోపాటే కింగ్స్ కళాశాలలో నమోదై, ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు ఫిషర్ వద్ద పరిశోధన సాగించి, 1948లో డాక్టరేటు పొందారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, సాంఖ్యక శాస్త్రంలో అంతర్జాతీయ పురస్కారం అందుకొన్నారు. పనీ చదువూ రెండూ ఒకే చోట, ఒకే వ్యాసంగానికి సంబంధించినవిగా ఉండడం ఆయనకు కలిసివచ్చింది. నేటి విద్యార్థి కూడా వెదకవలసినది అటువంటి పనినే.

తరగతి గదిలో తేడా

మన పద్ధతిలో సంవత్సరాంతపు పరీక్షే ప్రధానం. అక్కడ రెండవ వారం నుంచే ఇంటిపని, చిన్న పరీక్షలు, ప్రాజెక్టులు మొదలవుతాయి. ప్రతిదానికీ మార్కులు చేరుతూ ఉంటాయి. అమెరికాలో ఎం.ఎస్. విద్యార్థులు సాధారణంగా నాలుగు పాయింట్లకు మూడు సగటు నిలుపుకోవాలి. తొలి సెమిస్టరులో అది జారితే సహాయక ఉద్యోగావకాశాలు కూడా జారిపోతాయి. ఇక్కడ ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైన విద్యార్థి అక్కడ మొదటి పరీక్షలో సగటు మార్కులు తెచ్చుకొని కుంగిపోవడం తరచు జరిగేదే. అది తెలివితక్కువతనం కాదు. పద్ధతి అలవాటు కావడానికి పట్టే వ్యవధి మాత్రమే.

ఆచార్యులు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల సందేహాల కోసమే కేటాయిస్తారు. ఆ వేళల్లో వెళ్లి అడగడం అమర్యాద కాదు, అడగకపోవడమే నష్టం. ఇతరుల వాక్యాలను పేరు చెప్పకుండా వాడుకోవడం, స్నేహితుని ఇంటిపనిని చూసి రాయడం అక్కడ తీవ్రమైన అపరాధాలు. విశ్వవిద్యాలయం నుంచి తొలగింపుకు కూడా దారితీయవచ్చు. బయలుదేరకముందే పిల్లలకు ఈ సంగతి స్పష్టంగా చెప్పాలి.

డబ్బు, పని, చట్టం

మధ్యతరగతి ఉద్యోగి కుటుంబం ఈ చదువుకు భవిష్యనిధి నుంచి కొంత, బ్యాంకు విద్యారుణం ద్వారా కొంత సమకూరుస్తుంది. కొందరు ఊళ్లోని పొలం కూడా తాకట్టు పెడతారు. ఈ భారం ఎరిగిన పిల్లలు వీలైనంత త్వరగా సంపాదించాలని తొందరపడతారు. ప్రమాదం మొదలయ్యేది ఆ తొందరలోనే. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవారు తరగతులు జరిగే కాలంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వారానికి 20 గంటలు పనిచేయవచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో ప్రాంగణం వెలుపలి పనికి సాధారణంగా అనుమతి ఉండదు. గ్రంథాలయం, భోజనశాల, కంప్యూటరు కేంద్రం వంటి చోట్ల దొరికే పని ధర్మబద్ధమైనది, గౌరవప్రదమైనది. పెట్రోలు బంకులోనో, హోటలులోనో లెక్కలో చూపని నగదుకు పనిచేయడం వీసాకే ముప్పు తెస్తుంది. జర్మనీ వంటి దేశాలు ముందుగానే ఒక ఏడాది ఖర్చును ప్రత్యేక ఖాతాలో చూపమంటాయి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. నెలకు ఇంత అని మాత్రమే ఆ ఖాతా నుంచి విడుదలవుతుంది. ఇది కష్టంగా తోచినా, విద్యార్థిని మొదటి నెలలోనే చేతులు ఖాళీ చేసుకోకుండా కాపాడే ఏర్పాటు.

చట్టాన్ని తేలికగా తీసుకొంటే ఏమవుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులు మూసివేశారు. వీసా పత్రాలు అమ్ముకోవడమే దాని వ్యాపారమని తేలింది. చేరినవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో పెక్కుమంది ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తొడిగారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం సంగతి బయటపడింది. దానిని నడిపినది ఇమిగ్రేషన్ అధికారులే. అక్కడ పాఠాలు లేవు, అధ్యాపకులూ లేరు. తొలిదశలో నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలోనూ తెలుగువారు ఎక్కువ. తరగతులు లేకుండానే వీసా నిలుస్తుందని, పని చేసుకోవచ్చని ఎవరైనా చెబితే ఆ మాటను అక్కడే ఆపివేయాలి. వీసా, పని, కోర్సుల మార్పు వంటి విషయాలలో విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చెప్పినదే ప్రమాణం. గదిలోని స్నేహితుని మాట కాదు.

ఫోనులో నిజం

చలికాలంలో నాలుగున్నర గంటలకే చీకటి పడే ఊళ్లు ఉన్నాయి. వంట, గిన్నెలు, బట్టలు, పరీక్ష అన్నీ ఒక్కరి మీద పడతాయి. జ్వరం వస్తే తలాపిన కూర్చొనేవారు ఉండరు. అటువంటి రోజున ఇంటికి ఫోను చేసి, "ఎలా ఉన్నావు నాన్నా?" అని అమ్మ అడిగితే, "బాగానే ఉన్నానమ్మా" అన్న జవాబే వస్తుంది. తల్లిదండ్రులు బాధపడతారని బిడ్డ దాస్తాడు. బిడ్డ కలత చెందుతాడని తండ్రి బ్యాంకు నోటీసు సంగతి దాస్తాడు. ఉభయులూ ప్రేమతోనే దాస్తారు. కాని కష్టం పెరిగి పెద్దదయ్యాకే రెండవవారికి తెలుస్తుంది.

ఈ దాపరికాన్ని తొలగించడం ఇంటివారి చేతిలోనే ఉంది. మార్కులు తగ్గాయని చెప్పిన బిడ్డను పక్కింటి అబ్బాయితో పోల్చరాదు. ఉద్యోగం ఎప్పుడు, అప్పు ఎప్పుడు తీరుతుంది అన్న ప్రశ్నలను తొలి ఆర్నెల్లపాటు పక్కన పెట్టాలి. సాధారణంగా బ్యాంకు విద్యారుణం వాయిదాలు చదువు ముగిసిన ఏడాది వరకు మొదలుకావు. ఆ వ్యవధి ఇచ్చినది నిశ్చింతగా చదవడానికే. ఎంత అప్పు ఉన్నదో, ఇంట్లో ఎంత నిలువ ఉన్నదో బయలుదేరేముందే కాగితం మీద రాసి బిడ్డకు చూపాలి. తెలిసిన భారం కంటె ఊహించుకొన్న భారమే ఎక్కువ కుంగదీస్తుంది.

మాట్లాడే వేళను కూడా ఒప్పుకోవాలి. బోస్టన్, న్యూయార్క్ నగరాల గడియారం మనకంటె వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. మనం రాత్రి భోజనం చేసే వేళకు అక్కడ తరగతులు నడుస్తుంటాయి. రోజూ అర్ధరాత్రి దాకా మేలుకొని ఎదురుచూడటం కంటె, వారానికి రెండు రోజులు నిర్ణీతవేళకు తీరికగా మాట్లాడుకోవడం ఇరువురికీ మేలు. నిద్ర పట్టడం లేదని, తరగతికి వెళ్లబుద్ధి కావడం లేదని బిడ్డ చెబితే అది బద్ధకమని కొట్టివేయరాదు. దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ మనోవైద్య సలహాకేంద్రం ఉంటుంది. జ్వరానికి డాక్టరు వద్దకు వెళ్లినట్లే అక్కడికి వెళ్లమని ధైర్యం చెప్పాలి. తప్పనిసరైతే ఒక సెమిస్టరు నష్టపోయి ఇంటికి వచ్చినా ఈ గుమ్మం తెరిచే ఉంటుందన్న మాట బయలుదేరే రోజునే చెప్పి పంపాలి.

పెట్టెలో సర్దవలసినవి

విమానంలో సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తారు. పచ్చళ్లు, కందిపొడి, చిన్న ప్రెషర్ కుక్కర్, పోపుల డబ్బా వాటిలో ఎలాగూ చోటు చేసుకొంటాయి. వాటితోపాటు డాక్టరు చీటీతో కూడిన మందులు, పళ్లు, కళ్ల పరీక్షల కాగితాలు, అన్ని ధ్రువపత్రాల నకళ్లు ఉండాలి. వైద్య బీమా లేకుండా ఒక్కరోజు కూడా ఉండరాదు. విదేశాంగ మంత్రిత్వశాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' వ్యవస్థలో పేరు నమోదు చేయించి, సమీపంలోని భారత దౌత్య కార్యాలయపు ఫోను నెంబరు రాసి ఇవ్వాలి. అన్నం, పప్పు, రెండు కూరలు వండటం అమ్మాయికైనా, అబ్బాయికైనా వెళ్లేముందే నేర్పాలి.

ఆర్నెల్లు గడిచేసరికి ఊరి బస్సుల వేళలు కంఠస్థమవుతాయి. ఒక ఆచార్యుడు పేరు పెట్టి పిలుస్తాడు. వండిన పప్పు అమ్మ చేసినట్లే ఉందని గదిలోనివారు అంటారు. కుదురుకోవడమంటే ఇంతే. పట్టా, ఉద్యోగం, పేరు ప్రతిష్ఠలు ఆ పునాది మీద లేచేవి. మన కాలనీ నుంచి ఈ ఏడు బయలుదేరనున్న చిరంజీవులందరికీ విద్యాప్రాప్తి, ఆరోగ్యప్రాప్తి కలగాలని, కష్టమైనా సుఖమైనా దాపరికం లేకుండా ఇంటికి చెప్పుకొనే చనువు వారికి ఎల్లప్పుడూ ఉండాలని ఆశీర్వదిద్దాం.