గడియారము కాపలా కాయు తాళము

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో, గంటగంటకు ఒక బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారమును చూచుటకు జనులు గుమిగూడుదురు. ఆ యంత్రము కాలమును చూపుటతో ఆగక, నియమిత సమయమున మరియొక పనిని జరిపించుచున్నది. బ్యాంకు ఖజానా తలుపులకు అమర్చు టైంలాకు కూడ ఈ సూత్రముపై పనిచేయునదే.

దీని అవసరమేమి? ఖజానాకు అంకెల తాళము వేసినచో, ఆ అంకెలు తెలిసిన ఉద్యోగి ప్రాణమునకు అపాయము కలుగవచ్చును. 1876 జనవరిలో అమెరికాలోని నార్తాంప్టన్ పట్టణమున దొంగలు రాత్రివేళ బ్యాంకు ఉద్యోగి యింట జొరబడి, ఆయనను హింసించి అంకెలు చెప్పించుకొనిరి. పది లక్షల డాలర్లకు మించిన సొత్తు వారి పాలయ్యెను. అచట తాళము ఓడలేదు; దాని రహస్యము నెరిగిన మనిషి నిస్సహాయుడయ్యెను.

స్కాట్లండు దేశీయుడైన విలియం రూథర్‌ఫర్డు 1831లోనే ఇట్టి తాళమునకు పేటెంటు పొందెను. కాని బ్యాంకులలో వాడుకకు తెచ్చినవాడు అమెరికాకు చెందిన జేమ్స్ సార్జెంటు. ఆయన 1873లో రూపొందించిన తాళమును 1874లో ఇల్లినాయి రాష్ట్రములోని మారిసన్ పట్టణపు బ్యాంకులో అమర్చిరి.

ఇది పనిచేయు తీరు సులభముగా గ్రహింపవచ్చును. శనివారము సాయంత్రము 5 గంటలకు మూసిన తలుపు సోమవారము ఉదయము 9 గంటలకు తెరువవలెననుకొందము. నడుమ 40 గంటలున్నవి. తలుపు లోపలివైపున ఉన్న గడియారములకు 40 గంటలకు సరిపడ కీ యిచ్చి తలుపు మూయుదురు. ముల్లు సున్నకు చేరువరకు ఒక కడ్డీ గడియలను కదలనీయదు. ఆలోపల అంకెలు తెలిసినను ప్రయోజనము లేదు. గడువు తీరిన పిమ్మట కడ్డీ తొలగును. అప్పుడు అంకెల తాళమును తీయవలెను. తలుపుతోపాటు ఊగవలసిన యంత్రమునకు లోలకము పనికిరాదు గనుక, చేతిగడియారములో వలె స్ప్రింగును, బ్యాలెన్సు చక్రమును వాడిరి.

గడియారము నడుమ ఆగిపోయినచో? తలుపు తెరచుకొనదు! అందుచేత రెండో, మూడో గడియారములను చేర్చిరి. ఏ ఒక్కటి గడువు చేరినను చాలును. ఒక్కొక్కటి నూరు పర్యాయములలో ఒకసారి ఆగుననియు, ఒకదాని లోపమునకు వేరొకదానితో సంబంధము లేదనియు అనుకొన్నచో, మూడును ఒకేసారి ఆగుట పది లక్షలలో ఒక పర్యాయమే. అయితే మూడింటికిని ఒకే పాత నూనె గడ్డకట్టినచో ఈ లెక్క తప్పును. కాలానుగుణముగా శుభ్రపరచుట అందులకే అవసరము.

నేడు ఎలక్ట్రానిక్ తాళములు వచ్చుటచే పాతవి సేకరణ వస్తువులైనవి. జాన్ మాస్‌మన్ 1903లో న్యూయార్కులోని ఒక వృత్తికారుల సంఘమునకు ఇచ్చిన తాళముల సేకరణ ప్రసిద్ధమైనది. పరిశోధకుడు తాళము పెట్టెపై గల పేరును మాత్రమే నమ్మడు. లోపలి గడియారముల తయారీదారుని, వరుస సంఖ్యలను, మార్చిన భాగములను పరిశీలించును. ఏలయన తాళము ఒకరు చేయగా, గడియారము వేరొకరు చేయుట కలదు. మెరుగుపెట్టు తొందరలో చెరిపివేసిన అంకె మరల దొరకదు. పాత యంత్రమును తుడుచుటకు ముందు చదువవలెను.