కడలి నీరు కడవలోకి

మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆస్మాసిస్ గురించి వేరే పాఠం అక్కర్లేదని మా పిల్లలకు తరగతిలో ఎప్పుడూ చెబుతుండేదాన్ని. మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే, మర్నాటికి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. మనం చుక్క నీళ్ళు పోయలేదు. ముక్కలో ఉన్న నీటిని ఉప్పు బయటికి లాగేసింది. ఉప్పు ఎక్కువున్న వైపుకు నీరు తనంతట తానే పోతుంది, అదే ఆస్మాసిస్. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చెయ్యడమంటే ఆ ఊటను వెనక్కి తిప్పి, ఉప్పును బయటే వదిలేసి, వట్టి నీళ్ళను మాత్రం ముక్కలోకి ఎక్కించడం. నీటి గుణానికి ఎదురెళ్ళే పని అది. బలవంతాన తప్ప జరగదు. ఆ బలవంతానికయ్యే ఖర్చు సంగతి మన పత్రికల్లో పెద్దగా కనపడదు.

మాది నెల్లూరు. కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాక చెన్నై తిరువాన్మియూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ వైపు పేటలకు వచ్చే నీళ్ళలో చాలా భాగం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదున్న నెమ్మేలి కర్మాగారం నుంచి వచ్చే సముద్రపు నీళ్ళే. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, నాలుగు చెరువులూ దాదాపు అడుగంటాయి. కృష్ణా నీళ్ళు ఈ ఊరికి రావాలంటే శ్రీశైలం నిండాలి, సోమశిల నిండాలి, కండలేరు నిండాలి. తెలుగుగంగ ఒప్పందం 1983 నాటిదే అయినా, పైన వాన లేకపోతే కాలువలో ఏం పారుతుంది? లారీ వచ్చిందంటే వీధి వీధంతా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు బారులు తీరేవి. జూలైలో జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు నడిపారు. టీవీలన్నీ దాన్నే చూపించాయి. ఆ రైలు ఒక్కో ట్రిప్పులో తెచ్చింది 25 లక్షల లీటర్లు. 2013లో మొదలైన నెమ్మేలి ప్లాంటు సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్లు, అంటే అలాంటి రైళ్ళు నలభై. ఉత్తరాన మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో ఇంకో 10 కోట్ల లీటర్ల ప్లాంటు 2010 నుంచే ఉంది. హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్ ఒక స్పెయిన్ కంపెనీతో కలిసి కట్టింది దాన్ని. ఆ రెండూ లేకపోతే ఆ వేసవి ఎలా గడిచేదో తలుచుకోవడానికే భయంగా ఉంటుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తాగే నీటిలో అర గ్రాము దాటకుండా ఉంటే మంచిదని మన ప్రమాణాలు చెబుతాయి. అంటే డెబ్భై వంతుల్లో ఒక వంతుకు దించాలి. మన ఊళ్ళలో క్యాన్లు నింపే ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) ప్లాంటు చేసే పనీ ఇదే కానీ, అక్కడి బోరు నీళ్ళలో ఉప్పు తక్కువ కాబట్టి చిన్న పంపుతో సరిపోతుంది. సముద్రపు నీళ్ళకైతే చదరపు సెంటీమీటరుకు 60 కిలోల దాకా ఒత్తిడి పెట్టి నీటిని ఒక పొర గుండా నెట్టాలి. గోరంత జాగా మీద ఒక మనిషి బరువు!

ఆ ఒత్తిడిని తట్టుకుని ఉప్పును ఆపే పొరను నా కళ్ళతో చూడాలని చాలాకాలం కోరిక. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఈ రంగంలోనే ఉన్నాడు. పనికిరాదని పక్కన పడేసిన పొరల చుట్ట ఒకటి తెచ్చి, మా వరండాలో రంపంతో కోశాడు. మీటరు పొడవు, ఎనిమిది అంగుళాల మందం. లోపల తెల్లటి పొరలు, పొరకూ పొరకూ మధ్య సన్నటి ప్లాస్టిక్ వల, అన్నీ కలిపి నడుమ చిల్లుల గొట్టం చుట్టూ బిగించి చుట్టారు. నీళ్ళు లోపలికి దూరే అంచున గోధుమ రంగు జిగురు పేరుకుపోయి ఉంది. ముక్కుకు తగిలింది చేపల వలల వాసనే. "ఉప్పుతో మాకు పేచీ లేదు మేడమ్, ఈ పాచితోనే. ముందు వడపోత సరిగ్గా లేకపోతే పొర మూసుకుపోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది" అన్నాడు. ఉప్పును ఆపే అసలు పొర మనం చేత్తో పట్టుకునే దానిలో పైపూత మాత్రమే. దాని మందం మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతు.

ఇలాంటి పొరను పనికొచ్చేలా మొదట చేసింది కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ అనే ఇద్దరు, 1960 ప్రాంతంలో. సౌరిరాజన్ మన దేశం నుంచి వెళ్ళినవాడు, తర్వాత కెనడాలో స్థిరపడి జీవితమంతా ఈ పరిశోధనలోనే గడిపాడు. ఇవాళ వీధికో ఆర్వో బోర్డు ఉంది కానీ, ఆయన పేరు తెలిసినవాళ్ళు మా కాలేజీ స్టాఫ్ రూములో కూడా ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యమైనా రాయాల్సిన పేరది.

ఇక ఖర్చు. వెయ్యి లీటర్లు తియ్యడానికి మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. నలుగురున్న ఇంటికి మనిషికి 135 లీటర్ల లెక్కన చూస్తే రోజుకు రెండు యూనిట్లు. పగలూ రాత్రీ ఒక ఫ్యాను తిరిగినంత. మీంజూరు నీటికి ఒప్పందంలో రాసుకున్న ధర వెయ్యి లీటర్లకు దాదాపు 49 రూపాయలు. లీటరు ఐదు పైసలే కదా, తాగడానికి చవకే అనిపిస్తుంది. నిజమే. కానీ "అంత సముద్రం పెట్టుకుని పొలాలు ఎండబెట్టుకోవడమేంటి?" అని మా నెల్లూరు బంధువులు అడిగినప్పుడు నేను కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తాను. ఎకరం వరికి పంటకాలమంతా 1,200 మిల్లీమీటర్ల నీళ్ళనుకుంటే, 48 లక్షల లీటర్లకు పైమాట. ఆ ధరకు 2 లక్షల 30 వేల రూపాయలు దాటుతుంది. ఏ పంట గిట్టుబాటవుతుంది?

డబ్బుతో తేలని ఖర్చు ఇంకొకటుంది. వంద లీటర్లు తోడితే చేతికొచ్చేది నలభై, నలభై ఐదు. మిగతా నీళ్ళు దాదాపు రెట్టింపు ఉప్పుతో మళ్ళీ సముద్రంలోకే పోతాయి. చిక్కటి ఉప్పునీరు బరువైనది, సరిగ్గా చెదరగొట్టకపోతే అడుగుకు దిగి అక్కడే పరుచుకుంటుంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన 15 కోట్ల లీటర్ల రెండో ప్లాంటును కలుపుకుంటే, నెమ్మేలిలో పూర్తి సామర్థ్యంతో నడిచే రోజున సముద్రానికి తిరిగి వెళ్ళే ఉప్పునీరు 30 కోట్ల లీటర్లకు పైనే. కట్టడాలు వచ్చాక తీరం కోతకు గురవుతోందని పక్కనున్న సూళేరికాట్టుకుప్పం మత్స్యకారులు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. ఊరికి నీళ్ళిచ్చే పథకంలో ముందుగా వినాల్సింది తీరంలో బతికేవాళ్ళ మాటేనని నేను నమ్ముతాను. పక్కనే పెరూరులో రోజుకు 40 కోట్ల లీటర్ల ప్లాంటుకు 2023లో శంకుస్థాపన జరిగింది, ఆ మాట వినడం ఇప్పుడు ఇంకా అవసరం.

వేరే దారులూ ఉన్నాయి. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి పొర అవసరమే లేకుండా మంచినీళ్ళు తీస్తున్నారు. గాలి తీసేసిన గదిలో పైనున్న వెచ్చటి సముద్రపు నీళ్ళు తక్కువ వేడికే ఆవిరవుతాయి, వందల మీటర్ల లోతు నుంచి తోడిన చల్లటి నీళ్ళు ఆ ఆవిరిని నీరుగా మారుస్తాయి. రోజుకు లక్ష లీటర్లు. దీవికి అది వరం, కానీ మహానగరానికి ఏ మూలకూ చాలదు. ఒడ్డు పక్కనే అంత లోతు దొరకడమూ కష్టమే.

దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న ఆంధ్రప్రదేశ్‌లోనూ రేపు ఇలాంటి ప్లాంట్ల మాట వస్తుంది. తాగునీటికైతే కట్టుకోవలసిందే, కరువు సంవత్సరంలో ప్రాణం నిలబెడుతుంది. కానీ అది చెరువుకు బదులు కాదు. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడే ఆ వాన 1 లక్షా 30 వేల లీటర్లు. అన్ని నీళ్ళు సముద్రం నుంచి తియ్యాలంటే 450 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ వానను నేలలోకి పంపే ఇంకుడు గుంతలు తమిళనాట చట్టప్రకారం ఇంటింటా ఉండాల్సినవే. మా అపార్ట్‌మెంటు గుంత మూత తీయించి చూస్తే మట్టీ ఆకులూ తప్ప ఇంకేం లేవు. నెల్లూరులో ఉన్నా, చెన్నైలో ఉన్నా, ఆశ్వయుజ మాసపు వానలు మొదలయ్యేలోపు మీ ఇంటి గుంత ఒక్కసారి శుభ్రం చేయించండి.