పండించిన చేతి నుంచే కొనడంలోని సుఖం

బెండకాయ కొసను బొటనవేలితో నొక్కితే టక్కున విరగాలి. విరగకుండా వంగి ఊరుకుందంటే ముదిరిందని అర్థం. వంకాయ తొడిమ పచ్చగా ఉండి, దాని మీది ముళ్లు చేతికి గుచ్చుకుంటే కోసి ఎంతోసేపు కాలేదన్నమాట. తోటకూర కట్టను తిరగేస్తే వేళ్లకంటిన మట్టి ఇంకా తడిగా ఉండాలి. ఈ పరీక్షలు తెలుగిళ్లలో ఎవరికీ కొత్త కాదు. అయితే ప్లాస్టిక్ కాగితం చుట్టిన పొట్లం ముందు, ఫోను తెర మీది బొమ్మ ముందు ఇవేవీ పనిచేయవు. పట్నవాసి రైతుబజారుకు ఎందుకు వెళ్తున్నాడంటే చాలామంది చవక కోసమే అంటారు. చవక మాట నిజమే. కానీ పొద్దున్నే లేచి, సంచి పట్టుకుని, జనంలో తోసుకుంటూ వెళ్లే ఓపిక రెండు రూపాయల తేడా వల్ల మాత్రమే రాదు. చూసి, తాకి, అడిగి, జవాబు విని కొనడంలో ఒక సుఖం ఉంది. ఆ జవాబు చెప్పేది పండించినవాళ్లే అయితే ఆ సుఖం రెట్టింపవుతుంది. రైతుబజారును నిలబెట్టుకోవాలి అనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

ఈ బజారు దానంతటదే పుట్టలేదు. పంజాబ్‌లో 1987లోనే ‘అప్నీ మండీ’ పేరుతో రైతులు నేరుగా అమ్ముకునే సంతలు మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న అప్పటి చంద్రబాబునాయుడు ప్రభుత్వం రైతుబజార్లను ప్రారంభించింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మధురైలో ‘ఉళవర్ సందై’ తెరిచింది. మన పద్ధతిలో అధికారులు ఫలానావాళ్లు నిజంగా కూరగాయలు పండిస్తున్నారా అని చూసి గుర్తింపు కార్డు ఇస్తారు. కార్డు ఉన్న రైతు కూర్చున్న చోటికి అద్దె కట్టనక్కర్లేదు, దళారికి కమీషన్ ఇవ్వనక్కర్లేదు. బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు రైతులతో మాట్లాడి, టోకు ధరకు కాస్త పైన, బయటి చిల్లర ధరకు కాస్త కింద ఆనాటి ధరలు ఖాయం చేసి బోర్డు మీద రాయిస్తారు. ఈ బోర్డు వల్ల జరిగే మేలును మనం పెద్దగా గమనించం. ధర ముందే తేలిపోవడంతో బేరానికి పోయే సమయమంతా సరుకు మీదికి మళ్లుతుంది. ఈ కాకర చేదెక్కువా, ఈ దోసకాయ పప్పులోకి పులుపు ఉంటుందా, రేపు చిక్కుడు తెస్తారా అని అడగడానికి తీరిక దొరుకుతుంది. మాట తెగేదాకా బేరమాడి, చివరికి ఇద్దరూ చిరాకుతో విడిపోయే కొనుగోలుకూ దీనికీ చాలా తేడా ఉంది.

రుచి మాటకొస్తే అందులో ఊహాగానమేమీ లేదు. మొక్కజొన్న కండెను తెంపిన గంట నుంచే దానిలోని తీపి పిండిగా మారడం మొదలవుతుంది. ఆకుకూర కోసిన తర్వాత కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, నీరు కోల్పోతుంది, ఎండ తగిలితే విటమిన్ సి తొందరగా తగ్గిపోతుంది. దూరం పోవలసిన టమాటాను దోరగా ఉండగానే కోయాలి, లేకపోతే పెట్టెల్లోనే చితికిపోతుంది. అందుకే లారీ ప్రయాణానికి గట్టి తోలున్న రకాలే ఎంచుకుంటారు. అదే పాతిక కిలోమీటర్లలో అమ్ముడుపోయే టమాటాను చెట్టు మీద ఎర్రబడనిచ్చి కోయవచ్చు, తోలు పలుచనైనా పులుసుకు బాగుండే రకాన్ని వేసుకోవచ్చు. అంటే దూరం తగ్గితే తాజాదనం ఒక్కటే కాదు, రైతు ఏ విత్తనం వేస్తాడన్నదీ మారుతుంది. రైతుబజారు వల్ల వంటింటికి కలిగే మేలు అక్కడ, పొలంలోనే మొదలవుతుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగానికి వచ్చేసరికి ఈ విషయం మరింత బరువెక్కుతుంది. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో మార్కాపురం రోడ్డుకూ కంభానికీ నడుమ ఉన్న తర్లుపాడు మెట్ట ప్రాంతం. కంది, పత్తి, మిర్చి, ఆముదం, సజ్జ లాంటివి ఈ నేలల పంటలు. వాన మొహం చాటేస్తే అంతే సంగతులు. కాస్త పడమటికి పోతే గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఉంది. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల కమిషన్ నుంచి వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందిన చెరువు అది. అది నిండిన ఏడు దాని కింద పచ్చదనం చూడాలి. తక్కిన ఊళ్లకు వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం దశాబ్దాల ఎదురుచూపే మిగిలింది. ఇటువంటి చోట కందికీ పత్తికీ డబ్బు ఏడాదికొకసారి చేతికొస్తుంది, అదీ చాలాసార్లు అప్పుల ఖాతాకే పోతుంది. అదే బోరు కింద అరెకరంలో డ్రిప్పు పెట్టి ఆకుకూర వేస్తే మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది, బెండ కాపుకొచ్చిన తర్వాత రోజు విడిచి రోజు తెంపుకోవచ్చు. చిక్కల్లా అమ్మకంలోనే. రెండు గంపల బెండకాయకు లారీ కట్టలేరు, ఆ రెండు గంపల కోసం పెద్ద వ్యాపారి ఊరికి రాడు. చిన్న కమతం రైతుకు, ముఖ్యంగా ఇంటి ఖర్చులకు రోజూ నాలుగు డబ్బులు కావలసిన ఆడవాళ్లకు, పక్క పట్నంలో నేరుగా కూర్చుని అమ్ముకునే చోటు తప్ప వేరే దారి లేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో అన్నిటికంటే బలమైనది ఒకటుంది: రైతుబజార్లలో రైతులెక్కడున్నారు, కార్డులు చేత పట్టుకున్న వ్యాపారులే కదా అని. చాలా పట్నాల్లో ఈ ఫిర్యాదు ఉంది, అందులో నిజమూ ఉంది. అయితే ఆ తేడా పట్టుకోవడం కొనేవాళ్లకు కష్టమేమీ కాదు. ఒకే బల్ల మీద క్యారెట్టు, కాలీఫ్లవరు, బీన్సు, బంగాళాదుంప వంటి పదిహేను రకాలు పెట్టుకున్న మనిషి వాటన్నిటినీ పండించి ఉండడు. రైతు ముందు రెండు మూడు రకాలే ఉంటాయి, కాయలు కూడా ఒకే కొలతలో ఉండవు. ఎప్పుడు విత్తారు, ఏ మందు కొట్టారు, ఇంకెన్ని కోతలున్నాయి అని అడిగితే తడుముకోకుండా చెప్తాడు. బంగాళాదుంప, ఉల్లి లాంటివి దూరం నుంచి రాక తప్పదు, వాటిని వేరే దుకాణాల్లో ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పులేదు. తప్పల్లా రైతు చోటులో వ్యాపారిని కూర్చోబెట్టడమే. ఆ కార్డులను ఏటా పొలానికి వెళ్లి సరిచూడవలసిన బాధ్యత అధికారులదే.

ఫోనులో నొక్కితే అరగంటలో ఇంటికొస్తుంటే ఈ తిప్పలెందుకు అనేవాళ్లకు కూడా జవాబు చెప్పుకోవాలి. నడవలేని పెద్దవాళ్లకు, రాత్రి షిఫ్టు చేసి వచ్చేవాళ్లకు ఆ సౌకర్యం అవసరమే, కాదనను. కానీ ఆ సౌకర్యం వెనుక పంపకాల లెక్క కూడా చూడాలి. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల మీద రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో వేసిన అంచనా ప్రకారం మనం పెట్టే రూపాయిలో రైతుకు ముట్టేది సుమారు మూడో వంతే. కొనేవాళ్ల వైపు నుంచి చూసినా, 2023లో కిలో టమాటా వంద దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై రూపాయలకు అమ్మించింది రైతుబజార్లలోనే. ధర చుక్కలనంటినప్పుడు కొనేవాళ్లను ఆదుకోవడానికి చోటు సిద్ధంగా ఉందంటే, మామూలు రోజుల్లో ఆ చోటు నడుస్తూ ఉండబట్టే.

మార్కాపురం, గిద్దలూరు లాంటి పట్నాల్లో రైతుబజారు బాగా నడవడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. ఆకుకూర వాడిపోకుండా నీడ, చల్లడానికి నీళ్లు, తెల్లవారుజామున ఇల్లు విడిచి వచ్చే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, నమ్మదగిన కాటా కావాలి. అన్నిటికీ మించి పల్లెల మీదుగా తిరిగే తొలి బస్సు, గంపలు ఎక్కించనిచ్చే బస్సు కావాలి. మొదట్లో రైతుబజార్ల కోసం ఆర్టీసీ ఈ ఏర్పాటు చేసింది కూడా. తర్లుపాడు వైపు నుంచి బస్సు ఆరున్నరకు పట్నం చేరితే ఆ గంపలు రైతుబజారుకు వస్తాయి. తొమ్మిదికి చేరితే ఊరి బయటే ఎవరో చెప్పిన ధరకు దిగిపోతాయి.